పసుపు గీత లేని బోల్టు

"సంతకం పెట్టను."

మెకానిక్ ఆ మాట అనడం అది నాలుగోసారి. ఇన్‌స్పెక్టరు పెన్నుకి మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. బల్ల మీద కాగితం అలాగే ఉంది. "గేర్‌బాక్సు ఎక్కించేటప్పుడు రెండు బోల్టులు బిగించడం మరిచిపోయాను" అని ఆయనే రాయించిన వాక్యం. దాని కింద ఖాళీ.

"చూడమ్మాయ్, మరిచిపోయానంటే నిర్లక్ష్యం కింద పోతుంది. అది కూడా ఒప్పుకోనంటే కావాలనే చేశావని రాయాల్సొస్తుంది. ఏది తేలికో నువ్వే ఆలోచించుకో."

"మరిచిపోలేదు. కావాలనీ చెయ్యలేదు. నాలుగు బోల్టులూ నా చేత్తో బిగించాను. ఇంకో నాలుగుసార్లు అడిగినా ఇదే చెబుతాను."

"ఐదోసారి అడగడానికి నేనూ వచ్చాను," అంది తలుపు దగ్గర్నుంచి ఒక గొంతు.

ఇన్‌స్పెక్టరు తల ఎత్తకుండానే మొహం ముడుచుకున్నాడు. ఆ గొంతు ఆయనకి తెలుసు. ఇరవై రెండేళ్ళు బీమా కంపెనీలో పనిచేసి, తుక్కయిన ప్రతి బండినీ వంగి వంగి చూసి, ఒక రిపోర్టు మార్చమంటే మార్చనని ఉద్యోగం వదిలేసి డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి ఆవిడ. స్టేషన్లో అందరూ ఆవిణ్ణి చాటుగా 'భూతద్దం' అంటారు. ఆయన మూసేసిన కేసులు రెండు ఆవిడ చేతిలో మళ్ళీ తెరుచుకున్నాయి.

"బంధువులు బయట కూర్చోవాలి," అన్నాడాయన.

"బంధువుగా రాలేదు. ఈ అమ్మాయి లాయరు నన్ను పెట్టుకున్నాడు. ఇదిగో ఉత్తరం. నా అక్క కూతురవడం దాని ఖర్మ."

మెకానిక్ పెదవుల మీద నిన్న సాయంత్రం నుంచి మొదటిసారి నవ్వులాంటిది కదిలింది.

"పన్నెండింటికి మేజిస్ట్రేటు ముందు పెడుతున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఏం చూసుకుంటారో ఆలోపు చూసుకోండి. మీరు చూసినంత మాత్రాన బోల్టులు మొలుచుకు రావు."

డిటెక్టివ్ గోడ గడియారం చూసింది. పదీ పది. "గంటా యాభై నిమిషాలు. చాలు."

కేసు ఇన్‌స్పెక్టరు దృష్టిలో చాలా తేలిక. ఊళ్ళో పేరున్న పళ్ళ డాక్టరు ఒకాయన తండ్రి నాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారుని మెకానిక్ చేతికిచ్చాడు. నాలుగు నెలలు పట్టింది. ఇంజిన్, గేర్‌బాక్సు దించి, విప్పి, బాగుచేసి, తిరిగి ఎక్కించింది. శనివారం బండి అప్పజెప్పింది. సోమవారం ఉదయం ఏడూ నలభైకి డాక్టరు ఒక్కడే ఎక్కి బయల్దేరాడు. మూడో కిలోమీటరులో దిగుడు మలుపు దగ్గర బండి ఆగలేదు. రాతిగోడకి కొట్టుకుంది. డాక్టరు అక్కడికక్కడే పోయాడు. గేర్‌బాక్సుని కింద నుంచి మోసే అడ్డపట్టీకి నాలుగు బోల్టులుండాలి, రెండే ఉన్నాయి. గేర్‌బాక్సు ఒక పక్కకి దిగబడింది. వెనక చక్రాలకి వెళ్ళే షాఫ్టు పక్కనున్న బ్రేకు పైపుని ఒరుసుకుని కోసేసింది. బ్రేకులు పోయాయి.

డిటెక్టివ్ కుర్చీ లాక్కుని అక్క కూతురి ఎదురుగా కూర్చుంది. ఆ చేతుల్లో గోళ్ళ చుట్టూ నల్లటి గ్రీజు ఇంకా ఉంది.

"బండి ఎన్నింటికిచ్చావు?"

"శనివారం నాలుగింటికి. వాళ్ళింటి షెడ్డులో నేనే పెట్టి, తాళాలు డాక్టరుగారి చేతిలో పెట్టాను."

"అంతకుముందు తోలి చూశావా?"

"ముప్పై రెండు కిలోమీటర్లు. తిరిగొచ్చాక కిందకి దూరి మళ్ళీ అన్నీ చూశాను పిన్నీ. ఆ బండికి ఇంజిన్‌నీ గేర్‌బాక్సునీ విడిగా ఎక్కించడం కుదరదు. రెండూ కలిపి ఒకటే ముక్కగా గొలుసుకి వేలాడదీసి, గేర్‌బాక్సు వైపు కిందకి వంచి, వేలెడు సందులోంచి దించాలి. మూడు గంటలు పట్టింది. అంత చేసి, ఆఖర్న బోల్టులు మరిచిపోతానా?"

"బిగించావనడానికి గుర్తేమిటి?"

"పసుపు గీత. బిగించిన ప్రతి బోల్టు మీదా రంగుతో గీత గీస్తాను. గీత లేదంటే అది నేను బిగించింది కాదు."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "రంగు కడిగితే పోదా?"

"పోదు. మీ జీపు మీద గీస్తాను, కడుక్కోండి," అంది మెకానిక్.

డిటెక్టివ్ ఆ నవ్వుని అక్కడే ఆపేసి, గొంతు తగ్గించింది. "ఈ పనిలో మీ నాన్న చెయ్యి పెట్టాడా?"

మెకానిక్ చూపు బల్ల మీదకి వాలింది. "లేదు. ఎనిమిది నెలలుగా నాన్నని షాపులోకి రానివ్వట్లేదు. చెయ్యి వణుకుతోంది. ఒకరోజు జాకీ జారి కాలు నలిగేదే. ఇక రావద్దన్నాను. నలుగురి ముందూ అన్నాను. అప్పట్నుంచి నాతో మాట్లాడడు."

డిటెక్టివ్‌కి ఆ ఉదయం బావ అన్న మాట గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళు ఊళ్ళో ప్రతి ఇంజిన్ గొంతూ విని జబ్బు చెప్పిన మేస్త్రి ఆయన. "నువ్వు పద. నేను వెనకాలే వస్తాను. అక్కడ నేను చెప్పాల్సింది ఒకటుంది," అన్నాడు. పదింటికల్లా రావాల్సిన మనిషి ఇంకా రాలేదు.

డాక్టరు తమ్ముడు పదీ నలభైకి వచ్చాడు. వాంగ్మూలం కోసం ఇన్‌స్పెక్టరే రమ్మన్నాడు. నలభై దాటిన మనిషి, నలగని చొక్కా, నిద్రలేని కళ్ళు. డిటెక్టివ్ ఆయన్ని వరండా బెంచీ మీదే పట్టుకుంది.

"ఆదివారం మీరెక్కడున్నారండీ?"

"ఇంట్లోనే, రోజంతా. అన్నయ్య పాత క్లాసుమేట్లని కలవడానికి వెళ్ళాడు. పొద్దున ఏడింటికి వెళ్ళి రాత్రి తొమ్మిదింటికి వచ్చాడు. వదిన ఊళ్ళో లేదు."

"మరి షెడ్డు?"

"తాళం వేసుంది. తాళంచెవి అన్నయ్య దగ్గరే."

"పద్నాలుగు గంటలు. అందులోకి ఎవరూ వెళ్ళలేదు?"

"పిల్లి కూడా వెళ్ళలేదు. అయినా ఇవన్నీ నన్నెందుకు అడుగుతున్నారు? బండి పాడుచేసిన మనిషి లోపలుంది."

"కార్ల సంగతి మీకు బాగా తెలుసేమోనని."

"నాకా? పెట్రోలు ఎక్కడ పోస్తారో తెలుసు. ఆ బండి బానెట్ ఎలా తెరుస్తారో కూడా తెలీదు. అదంతా అన్నయ్య పిచ్చి."

"మీ నాన్నగారి పిచ్చి అని విన్నానే."

ఆయన దవడ బిగుసుకుంది. "నాన్నదే. చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని నాచేత స్టీరింగు పట్టించేవాడు. ఇది నీదేరా అనేవాడు. పోయాక చూస్తే కాగితాలన్నీ అన్నయ్య పేరు మీద ఉన్నాయి." చొక్కా చేతులు సర్దుకున్నాడు. "మనిషే పోయాక ఇప్పుడెందుకండీ అవన్నీ."

"అవునులెండి," అంటూ డిటెక్టివ్ లేచింది. "బండి చూడ్డానికి వెళ్తున్నాం. మీరూ రండి. ఇంటివాళ్ళు పక్కనుంటే మంచిది."

స్టేషను వెనక పెరట్లో కారుని నాలుగు సిమెంటు దిమ్మల మీద పెట్టారు. ముందు భాగం ఎడమ వైపు నలిగిపోయింది. కుడి వైపు మాత్రం ముదురాకుపచ్చ రంగు నిన్ననే వేసినట్టు మెరుస్తోంది. డిటెక్టివ్ బానెట్ అంచు పట్టుకుని లాగింది. రాలేదు. ఇన్‌స్పెక్టరు లాగాడు. రాలేదు.

"గునపం పట్రా," అన్నాడు కానిస్టేబులుతో.

కానిస్టేబులు గునపం మొనని బానెట్ సందులోకి దూర్చబోయాడు.

"ఆగండి! దానికి గునపం పెడతారా?"

అరిచింది డాక్టరు తమ్ముడు. నాలుగంగల్లో వచ్చి, పగిలిన కిటికీలోంచి చెయ్యి పోనిచ్చి, చూడకుండానే డాష్‌బోర్డు అడుగున ఎడమ మూల ఉన్న చిన్న ఇనుప రింగుని అందుకుని లాగాడు. టక్కుమని చప్పుడైంది. బానెట్ లేచింది.

డిటెక్టివ్ నోటుపుస్తకంలో టైము రాసుకుంది. పదకొండూ ఐదు.

"చాలా థాంక్సండీ," అంది. "పెట్రోలు పోసే చోటే తెలుసన్నారు. పాపం, తక్కువ చెప్పుకున్నారు."

"అన్నయ్య తెరుస్తుంటే చూసేవాణ్ణి." ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

డిటెక్టివ్ వాదించలేదు. ఇంజిన్ పక్కనున్న, ఆయిలు కొలిచే సన్నటి డిప్‌స్టిక్ పైకి లాగి, సంచిలోంచి తెల్లగుడ్డ తీసి, దాని మీద తుడిచింది. గుడ్డ మీద తారులాంటి నల్లటి చార పడింది. వేలితో రుద్దింది. ఇసకలా తగిలింది.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఇలా రండి. కొత్త రింగులు, కొత్త బేరింగులు, కొత్త ఆయిలు. ఆ అమ్మాయి తోలింది ముప్పై రెండు, డాక్టరుగారు తోలింది మూడు. ముప్పై అయిదు కిలోమీటర్లు తిరిగిన ఆయిలు ఏ రంగులో ఉండాలి?"

"నాకెలా తెలుస్తుంది?"

"తేనె రంగులో. ఇది చూడండి. ఏళ్ళ తరబడి తిరిగిన మసి."

డాక్టరు తమ్ముడు ఆ గుడ్డ వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత వాచీ చూసుకున్నాడు. "ఆసుపత్రిలో అన్నయ్య శవాన్ని అప్పగిస్తామన్నారు. నేను వెళ్ళాలి."

"ఆయన్ని పంపకండి," అంది డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టరు ఛాతీ విరిచాడు. "అన్న పోయిన మనిషిని ఆయిలు రంగు చూసి ఆపమంటారా? మీరు వెళ్ళండి సార్. సాయంత్రం పిలుస్తాను."

ఆయన కారు గేటు దాటేసరికి పదకొండుంబావు. డిటెక్టివ్ ఆ టైము కూడా రాసుకుంది. పక్కనే, 'వద్దన్నాను' అని రాసి, ఆ పేజీ ఇన్‌స్పెక్టరుకి కనబడేలా పట్టుకుంది.

"నామీద ఫిర్యాదు రాసుకుంటున్నారా?"

"జ్ఞాపకం రాసుకుంటున్నాను. సరే, మీ ఫైల్లో ఈ బండి ఇంజిన్ నంబరు రాశారుగా. చదవండి."

ఇన్‌స్పెక్టరు విసుగ్గా ఫైలు తెరిచాడు. డిటెక్టివ్ ఇంజిన్ ఒంటి మీద గ్రీజు గడ్డకట్టిన చోట గుడ్డతో గట్టిగా తుడిచింది. చెక్కిన అంకెలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆయన చదువుతుంటే ఆవిడ వేలు కదిలింది. మొదటి నాలుగూ కలిశాయి. చివరి మూడూ కలవలేదు.

ఆయన మళ్ళీ చదివాడు. మళ్ళీ కలవలేదు.

"మీరీ నంబరు ఇంజిన్ మీద చూసి రాయలేదు. బండి కాగితాల్లోంచి దింపుకున్నారు," అంది డిటెక్టివ్. గొంతు పెంచలేదు. "ఈ బండిలో ఉన్నది నా అక్క కూతురు ఎక్కించిన ఇంజిన్ కాదు. శనివారం నాలుగుకీ సోమవారం ఏడూ నలభైకీ మధ్య ఎవరో దాన్ని దించేసి, అచ్చం అలాంటిదే ఒక పాతది ఎక్కించారు. దించడానికి, ఎక్కించడానికి ఎంత లేదన్నా ఎనిమిది తొమ్మిది గంటలు. అంత తీరిక దొరికింది ఆదివారం ఒక్కరోజే. పిల్లి కూడా వెళ్ళని ఆ షెడ్డులో."

ఇన్‌స్పెక్టరు మెడ మీద చెమట తుడుచుకున్నాడు. కాని తగ్గలేదు. "ఇంజిన్ దొంగతనం వేరు, చావు వేరు. రెండు బోల్టులు లేవు. అది మారదు."

"ఆ పిల్లని తీసుకురండి. కింద ఏముందో దాని కంటే బాగా చూసేవాళ్ళు ఇక్కడ లేరు."

ఆయన కానిస్టేబులుకి సైగ చేశాడు.

మెకానిక్ పెరట్లోకి వచ్చి కారుని చూడగానే ఆగిపోయింది. నాలుగు నెలలు తన చేతుల్లో ఉన్న బండి. నలిగిన ముక్కుని అరచేత్తో ఒకసారి తాకి, వెల్లకిలా పడుకుని కిందకి జరిగింది.

"పిన్నీ, గేర్‌బాక్సు కూడా మనది కాదు." కింద నుంచి గొంతు హుషారుగా వచ్చింది. "ఉన్న రెండు బోల్టులకీ గీత లేదు. ఇవి నా బోల్టులే కావు. తలలకి బెజ్జాలున్నాయి. బెజ్జాల్లోంచి తీగ..."

గొంతు ఆగిపోయింది.

"తీగ ఏంటే?"

నిమిషం తర్వాత మెకానిక్ బయటికి జరిగి, నేల మీదే కూర్చుంది. మొహంలో రక్తం లేదు.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఆ కాగితం తెప్పించండి. సంతకం పెడతాను. నేనే మరిచిపోయాను."

ఇన్‌స్పెక్టరు కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యి జేబులోని పెన్ను వైపు వెళ్ళింది.

"నోరు ముయ్యి," అంది డిటెక్టివ్.

"పిన్నీ, వదిలెయ్."

"నిన్న సాయంత్రం నుంచి ఈయనకి లొంగనిదానివి, ఇప్పుడు ఒక తీగముక్కకి లొంగుతావా? జరుగు."

యాభై రెండేళ్ళ మనిషి కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని, టార్చిలైటు నోట కరుచుకుని, కారు కిందకి దూరింది. ఉన్న రెండు బోల్టుల తలల్లోంచి సన్నటి ఇనుప తీగ వెళ్తోంది. జడలా పురివేసి ఉంది, ఎడమవైపుకి తిప్పిన పురి. అందరూ కుడివైపు తిప్పుతారు. బోల్టు వదులు కాకుండా ఇలా తీగ కట్టి, దాన్ని ఎడమచేత్తో పురిపెట్టేది ఊళ్ళో ఒక్కడే. తన బావ.

చెయ్యి వణికే మనిషి. రెండు బోల్టులు తక్కువ. కూతురు ఎందుకు చల్లబడిందో అర్థమైంది. తను కూడా ఇప్పుడు బయటికి వెళ్ళి, ఏమీ కనబడలేదని చెప్పొచ్చు.

ఒక రిపోర్టు మార్చనని ఉద్యోగం వదిలేసిన మనిషి ఆ తీగ వెంట ఇంకాస్త ముందుకి జరిగింది. రెండో బోల్టు దాటాక కూడా తీగ ఉంది. మూడో బెజ్జం వైపు వెళ్తూ, సగంలో ఆగింది. ఆవిడ దాని కొసని వేలితో తడిమింది. టార్చి దగ్గరగా పెట్టింది. చాలాసేపు చూసింది.

బయటికి వచ్చేసరికి జుట్టు నిండా మట్టి. "ఇది మా బావ కట్టిన తీగ," అంది సూటిగా ఇన్‌స్పెక్టరుతో. "ఆదివారం ఇంజిన్ మార్చింది ఆయనే."

"పిన్నీ!" మెకానిక్ లేచి నిలబడింది.

"అంటే తండ్రీ కూతుళ్ళిద్దరూ..." ఇన్‌స్పెక్టరు మొదలుపెట్టాడు.

"పూర్తిగా వినండి. బరువుకి తెగిన తీగ సాగి, సూదిలా సన్నబడి తెగుతుంది. దీని కొస చదునుగా, తళతళ మెరుస్తోంది. కటింగ్ ప్లయర్‌తో కోశారు. ఈ తీగ నాలుగు బోల్టుల్లోంచీ వెళ్ళింది. నాలుగూ బిగించాకే కట్టారు. తర్వాత ఎవరో సగంలో కోసి, రెండు బోల్టులు విప్పి తీసేశారు."

మెకానిక్ మళ్ళీ కారు కిందకి దూరింది. ఈసారి రెండు క్షణాలే. బయటికొచ్చినప్పుడు కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా రోషం.

"నాన్న చెయ్యే వణుకుతుంది. పని వణకదు. నాలుగూ బిగించాడు!"

"మీ నాన్నే మళ్ళీ వచ్చి విప్పి ఉండొచ్చుగా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతులో పదును మాత్రం తగ్గింది.

"ఆ పురి ఎటు తిప్పితే వదులవుతుందో నాన్నకి తెలుసు. రెండు వేళ్ళతో విప్పేస్తాడు. కోసే అవసరం విప్పడం రానివాడికే," అంది మెకానిక్.

ఇన్‌స్పెక్టరు తెరిచి ఉన్న బానెట్ వైపు చూశాడు. డాష్‌బోర్డు అడుగున వేలాడుతున్న ఇనుప రింగు వైపు చూశాడు. తర్వాత తను తెరిపించిన గేటు వైపు చూశాడు.

"మీ బావని పిలిపించండి. పని ఎవరు చెయ్యమన్నారో ఆయన నోటితో చెప్పాలి. ఆయన చెబితే తప్ప మనకి సాక్ష్యం లేదు," అన్నాడు. 'మనకి' అన్న మాట ఆయనకి తెలియకుండానే వచ్చింది.

పదకొండూ యాభై ఐదు. డిటెక్టివ్ ఇంటికి ఫోన్ చేసి, అందరికీ వినబడేలా పెట్టింది. అక్క ఎత్తింది.

"ఏమే, వదిలేశారటగా! ఇంటికి బయల్దేరారా?"

"ఎవరు చెప్పారక్కా వదిలేశారని?"

"డాక్టరుగారి తమ్ముడే. పదకొండున్నరకి కారేసుకుని వచ్చాడు. అమ్మాయిని వదిలేస్తున్నారు, మేస్త్రిగారు వచ్చి ఒక్క సంతకం పెడితే చాలు అన్నాడు. మీ బావ పొద్దుట్నుంచీ ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మందాకా వెళ్ళడం, వెనక్కి రావడం. దాని మొహం ఎలా చూడను అంటూ. ఆ మాట వినగానే చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోలేదు, ఎక్కేశాడు."

"ఆదివారం బావ ఎక్కడికెళ్ళాడు?"

అటు అక్క గొంతు తగ్గింది. "ఆ తమ్ముడే షెడ్డు తాళంచెవి పట్టుకొచ్చి మరీ తీసుకెళ్ళాడే. అసలు ఇంజిన్ జాగ్రత్తగా దాచుకుని వేరేది పెట్టుకుంటానని డాక్టరుగారు అన్నారట. అమ్మాయికి మాత్రం చెప్పొద్దన్నాడు. ఎన్నాళ్ళకో పని దొరికిందని మీ బావ పొంగిపోయాడు. ఇప్పుడది చెబితే ఈయన్ని కూడా లోపలేస్తారని నేనే నోరు మూసుకున్నాను. తప్పా?"

ఇంటికీ స్టేషనుకీ పన్నెండు నిమిషాల దారి. ఆ కారు బయల్దేరి ఇరవై ఐదు నిమిషాలు దాటింది. ఇన్‌స్పెక్టరు అప్పటికే జీపు వైపు పరుగెడుతున్నాడు. మెకానిక్ ఆయన కంటే ముందు పరుగెడుతోంది, ఆగమని ఎవరూ అనలేదు.

ఫోన్లో అక్క గొంతు తేలికపడి, నవ్వుతోంది.

"పలకవేమే? కూతుర్ని చూసి ఏడ్చాడా ఏమిటి మీ బావ? ఒక్కసారి ఫోన్ ఆయనకివ్వు."